పాతికేళ్లు దాటిన ఆటకి మళ్లీ డబ్బు పెట్టాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే ఆట చుట్టూ తిరుగుతున్నాయి. బాల్డర్స్ గేట్, అంటే ఒక పాత్రని తయారుచేసుకుని కథలో నడిపించే కంప్యూటర్ ఆట (ఇలాంటివాటిని ఆర్పీజీ అంటారు). మూడో భాగం ఆడినవాళ్లకి మొదటి దాని మీద మనసు పోయినట్టుంది. మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి తోసేసి వీటన్నిటికీ ఒకేచోట జవాబు రాసేస్తున్నాను.

ప్రశ్న: బాల్డర్స్ గేట్ 3 రెండుసార్లు పూర్తిచేశాను. మొదటి ఆట 'ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్' పేరుతో డిస్కౌంట్‌లో కనపడింది. వీడియో చూస్తే మనుషులు చీమల్లా ఉన్నారు. రీమాస్టర్ (పాత ఆటకి మెరుగులు దిద్ది మళ్లీ తేవడం) అంటున్నారు గానీ నాకేమీ కొత్తగా అనిపించలేదు. కొనాలా వద్దా, సూటిగా చెప్పండి.

జవాబు: కొనండి. కాకపోతే మూడో భాగానికి అన్న అనుకుని కాదు, తాత అనుకుని కొనండి. తాతతో కూర్చోవాలంటే ఆయన వేగానికి మనం తగ్గాలి, చెవి కాస్త దగ్గర పెట్టాలి, మధ్యలో ఫోన్ చూసుకుంటే కథ తెగిపోతుంది. ఈ ఆటతోనూ అంతే.

కొత్తగా ఏమీ కనపడలేదన్నారు, అందులో మీ కళ్ల తప్పేం లేదు. 1998లో బయోవేర్ అనే కంపెనీ ఈ ఆట చేసినప్పుడు తెర 640 బై 480 చుక్కలే. ఊళ్లు, అడవులు, సత్రాలు అన్నీ ముందు త్రీడీలో కట్టుకుని, పైనుంచి ఏటవాలుగా ఫొటో తీసినట్టు బొమ్మలుగా మార్చి, ఆ బొమ్మల మీద మనుషుల్ని నడిపించారు. బీమ్‌డాగ్ అనే కంపెనీ దీన్ని మళ్లీ బయటికి తేవడానికి పూనుకునేసరికి ఆ అసలు త్రీడీ ఫైళ్లు పోయాయని తేలింది. అంటే ఫొటో ప్రింట్ ఉంది, నెగెటివ్ లేదు. మళ్లీ పెద్ద సైజులో తీయడానికి వీల్లేకుండా పోయింది. అందుకే 2012లో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌లో కూడా నేపథ్యాలు పాతవే. జూమ్ చేస్తే మనుషులు దగ్గరికి వస్తారు, చుట్టూ ఉన్న గోడలూ చెట్లూ మాత్రం మసకబారిపోతాయి. నేనైతే జూమ్ పూర్తిగా వెనక్కి లాగి ఆడతాను, అలా చూస్తే ఇప్పటికీ ఆ బొమ్మలు చాలా అందంగా ఉంటాయి, ఎవరో ఓపిగ్గా గీసిన పటం మీద నడుస్తున్నట్టుంటుంది.

మరి డబ్బు దేనికి అంటే, అడ్డంకులు తీసేసినందుకు. పాత ఆటని ఇప్పటి కంప్యూటర్‌లో నడపాలంటే పడే తిప్పలు ఇందులో లేవు, వెడల్పు తెరకి సరిపోతుంది, ఆల్ట్ ట్యాబ్ కొడితే చచ్చిపోదు. రెండో భాగం ఇంజిన్‌ని (ఆటని లోపలినుంచి నడిపించే ప్రోగ్రామ్‌ని) మొదటి ఆటకి తొడిగారు కాబట్టి అప్పట్లో రెండో ఆటలో మాత్రమే ఉన్న క్లాసులు (యోధుడు, మాంత్రికుడు లాంటి వృత్తులు), కిట్లు (వాటిలో రకాలు) మొదటి దాంట్లోనే దొరుకుతాయి. 'టేల్స్ ఆఫ్ ది స్వోర్డ్ కోస్ట్' అనే 1999 నాటి అదనపు భాగం కూడా ఇందులోనే కలిసి వస్తుంది. కింద పడ్డ సామాన్లని ఒక్కో శవం దగ్గరికీ వెళ్లి వంగి వెతక్కుండా ఒకే వరసలో చూపించే క్విక్ లూట్, అసలు చావే లేకుండా కథ మాత్రం చూసుకునే స్టోరీ మోడ్, ఇవన్నీ 2016లో వచ్చిన పెద్ద ప్యాచ్‌తో చేరాయి. విడుదలైన కొత్తలో బగ్స్ చాలానే ఉండేవి, 2013లో పబ్లిషింగ్ గొడవ ఒకటి వచ్చి కొన్నాళ్లు అమ్మకాలే ఆగిపోయాయి. అప్పటి రివ్యూలు చదివి భయపడకండి, ఇప్పుడున్నది ఆ సరుకు కాదు.

నాకు నచ్చనివీ ఉన్నాయి. అధ్యాయాల మధ్య వచ్చే పాత కంప్యూటర్ యానిమేషన్ వీడియోలు తీసేసి, చేత్తో గీసిన బొమ్మలు కదిలినట్టు కొత్తవి పెట్టారు. పాతవి మోటుగా ఉండేవి, నిజమే, కానీ ఆ మోటుతనంలో ఒక భయం ఉండేది. కొత్తవి శుభ్రంగా ఉన్నాయి, అంతే. అలాగే నీరా, డోర్న్, రసాద్ అని ముగ్గురు కొత్త సహచరుల్ని చేర్చారు. పాతవాళ్లు ఆటంతా కలిపి నాలుగు ముక్కలు మాట్లాడితే వీళ్లు అడుగడుక్కీ ఆగి ఉపన్యాసం ఇస్తారు, కొత్తగా కట్టిన గది పాత ఇంటికి అతకనట్టు తెలిసిపోతుంది. నీరాని మాత్రం నేను వెంట తిప్పుకుంటాను. ఆమె వైల్డ్ మేజ్, అంటే మంత్రం ఎప్పుడు అదుపు తప్పుతుందో ఆమెకే తెలీదు. ఒకసారి శత్రువు మీద వేయబోయిన మంత్రం వికటించి మా మధ్యలోనే ఫైర్‌బాల్ పేలింది, ఆరుగురిలో నలుగురం పోయాం. అంత నవ్వు మూడో భాగంలో కూడా రాలేదు నాకు.

ఇక మీకు అసలు ఇబ్బంది పెట్టేది బొమ్మలు కాదు, మాటలు. మూడో భాగంలో ప్రతి పాత్రా కెమెరా ముందుకొచ్చి ముఖకవళికలతో మాట్లాడుతుంది. ఇక్కడ కింద ఒక పెట్టె, అందులో అక్షరాలు. గొంతు మొదటి వాక్యానికి వినపడితే అదే గొప్ప. సహచరులతో ప్రేమలూ అలకలూ మొదటి ఆటలో దాదాపు లేవు, అవి రెండో ఆటతో మొదలయ్యాయి. మీకు మూడో భాగంలో పరిచయమైన జహీరా, మిన్స్క్ ఇద్దరూ ఇక్కడ కనపడతారు, మిన్స్క్ చిట్టెలుక బూతో సహా, కానీ వాళ్ల గతమంతా చెబుతారని ఆశపడితే నిరాశే.

దీనికి బదులు ఏం దొరుకుతుందంటే, ఎవరూ చెయ్యి పట్టుకుని నడిపించని లోకం. పెంచిన తండ్రి గొరియన్ మీ కళ్లముందే చనిపోతాడు, చీకట్లో అడవిలో మీరొక్కరు, ఫస్ట్ లెవెల్, చేతిలో ఒక మామూలు కర్ర. ఆ ప్రాంతంలో ఇనుముకి ఏదో తెగులు పట్టిందని జనం చెప్పుకుంటుంటారు, మీరు వినీ విననట్టు పోతారు. కాసేపటికి ఒక కొట్లాట మధ్యలో మీ కత్తి ఫట్‌మని విరుగుతుంది. నేను మొదటిసారి బగ్ అనుకుని పాత సేవ్ లోడ్ చేశాను! అది బగ్ కాదు, అదే కథ. జనం చెప్పుకున్న సమస్య మీ చేతిలో విరిగితే తప్ప మీకు పట్టలేదు. ఇలాంటిది చూసి మీకు ముచ్చటేస్తే ఈ ఆట మీదే. చిరాకేస్తే ఎంత డిస్కౌంట్ ఇచ్చినా దండగే.

ఒక కొలత చెబుతాను: నాష్కెల్ అనే ఊరు, దాని పక్కన గనులు వస్తాయి. అక్కడిదాకా ఆడండి, మధ్యలో ఆపకండి. గనుల్లోంచి బయటికొచ్చాక 'ఇంతకీ దీని వెనక ఎవడున్నాడు' అని మీకనిపించకపోతే అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి, ఏమీ పోగొట్టుకోరు. అనిపిస్తే మాత్రం రెండో ఆట కూడా కొనక తప్పదు, ఎందుకంటే ఇందులో మీరు పెంచిన పాత్రనే అందులోకి తీసుకెళ్లొచ్చు, పైగా రెండోది దీనికంటే అన్నిట్లోనూ మెరుగు. ఈ రెండిటి మధ్య వారధిగా 2016లో వచ్చిన 'సీజ్ ఆఫ్ డ్రాగన్‌స్పియర్' వేరే కొనాలి, అది లేకపోయినా కథకి లోటేం రాదు.

ప్రశ్న: మీ పత్రికలో పొగిడారని కొన్నాను. గంటలో ఐదుసార్లు చచ్చాను. ఒక సత్రం మెట్ల మీదే మూడుసార్లు. పైగా నా కత్తి ఎవరికీ తగలదు! ఇది ఆటా శిక్షా?

జవాబు: ఆ మెట్లు నాకు తెలుసు. ఫ్రెండ్లీ ఆర్మ్ సత్రం. పేరు చూసి ప్రాణం కుదుటపడి మెట్లెక్కబోతే ఒకడు నవ్వుతూ ఎదురొచ్చి ఎక్కణ్నుంచి వస్తున్నారని పలకరిస్తాడు, మర్యాదగా జవాబు చెబుతాం, వాడి పేరు తార్నెష్, కిరాయి హంతకుడు. ముందు తన నకళ్లు నాలుగైదు పుట్టించుకుంటాడు, మనం ఏది నిజమో తేల్చుకునేలోపు హారర్ మంత్రం వేస్తాడు, మన జట్టంతా తలోదిక్కు పరుగు. ఆ తర్వాత మ్యాజిక్ మిసైల్. మీరు మాంత్రికుణ్ని ఎంచుకుని ఉంటే మీ ప్రాణం మహా అయితే 6 పాయింట్లు, ఒక్క దెబ్బకి సరి. ఈ మెట్ల మీద పోని ఆటగాడు లేడు, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

ఇమోయిన్ ఉంది కదా, మొదట్లోనే వచ్చి కలిసే అమ్మాయి. ఆమె సామాన్లు తెరిచి చూశారా? చాలామంది చూడరు. ఆమె దగ్గర మొదటినుంచే మ్యాజిక్ మిసైల్ మంత్రదండం ఒకటుంది. తార్నెష్ మాట ముగించగానే స్పేస్ బార్ కొట్టి ఆట ఆపండి, ఇమోయిన్‌తో దండం వాడించండి, మిగతావాళ్లందరికీ విల్లో వడిసెలో ఇచ్చి దూరం నుంచి కొట్టించండి. మంత్రం చదువుతున్నవాడికి దెబ్బ తగిలితే మంత్రం చెడిపోతుంది, ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే సగం ఆట గెలిచినట్టే. దారిలో కనపడ్డ ఇద్దరు తిక్క మనుషులు జార్, మోంటరాన్‌లని వద్దనకుండా వెంటబెట్టుకోండి, మంచివాళ్లు కారు గానీ చేతులు నాలుగు. మెట్లెక్కే ముందు క్యూ నొక్కి క్విక్ సేవ్ చేసుకోవడం మాత్రం మరవొద్దు.

కత్తి తగలకపోవడం సంగతి. మూడో భాగం డీ అండ్ డీ (డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్ల మీద ఆడే ఆట) ఐదో ఎడిషన్ రూల్స్ మీద నడుస్తుంది, ఇది రెండో ఎడిషన్. అందులో ఏసీ ఎక్కువ ఉంటే మంచిది, ఇందులో ఎంత తగ్గితే అంత మంచిది. (కవచం విలువని ఏసీ అంటారు, చల్లగాలి ఏసీ కాదు.) ఇక థాకో అనేదొకటి ఉంటుంది, ఏసీ సున్నా ఉన్నవాణ్ని కొట్టడానికి ఇరవై ముఖాల పాచిక మీద మీకు పడాల్సిన అంకె అది. మీ థాకో 20, ఎదుటివాడి ఏసీ 5 అనుకోండి. ఇరవైలోంచి ఐదు తీసేస్తే 15, అంటే పాచిక 15 గానీ ఆపైన గానీ పడితేనే మీ కత్తి తగులుతుంది. నూటికి 30 వంతులే. అదే కవచమేమీ లేనివాడైతే వాడి ఏసీ 10, పాచిక 10 పడితే చాలు, నూటికి 55. మందపాటి ప్లేట్ మెయిల్ వేసుకున్నవాడి ఏసీ 3, అప్పుడు నూటికి 20 మాత్రమే. కాబట్టి మీ కత్తి గాల్లో ఊగుతున్నది మీ చేతగానితనం వల్ల కాదు, ఫస్ట్ లెవెల్‌లో లెక్కే అంత. నాలుగైదు లెవెల్స్ దాటేసరికి థాకో తగ్గుతుంది, అప్పుడు ఇదే ఆట వేరేగా ఉంటుంది. అప్పటిదాకా బాణాలే దిక్కు, విల్లు పట్టినవాడు ఒక రౌండ్‌లో రెండుసార్లు వేయగలడు. మాంత్రికుడికి స్లీప్ (నిద్రపుచ్చే) మంత్రం ఇవ్వండి, గుంపుగా మీదపడే చిన్న ప్రాణులన్నీ ఒకేసారి కుప్పకూలతాయి.

అప్పటికీ టెన్షన్ తగ్గకపోతే డిఫికల్టీ తగ్గించేయండి. తప్పేంలేదు. లెవెల్ పెరిగినప్పుడు ప్రాణం పాయింట్లు పూర్తిగా ఇచ్చే ఆప్షన్ కూడా ఒకటుంది, దాన్ని నేను ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతాను, పాచిక మీద 1 పడి లెవెల్ వృథా అయ్యే బాధ నాకు అక్కర్లేదు.

ప్రశ్న: 1998 నాటి అసలు పెట్టె ఇప్పటికీ నా బీరువాలో ఉంది, ఐదు సీడీలు, మాన్యువల్‌తో సహా. ఉన్న ఆటకే మళ్లీ డబ్బు కట్టమనడం దోపిడీ కాదా?

జవాబు: ముందు ఆ పెట్టె జాగ్రత్త. మాన్యువల్ అయితే మరీను, కొత్త కొనుగోలుదార్లకి పీడీఎఫ్ తప్ప చేతికందేది ఏమీ ఉండదు.

దోపిడీ అనలేను, మీకు అవసరం లేదు అంటాను. బీమ్‌డాగ్ రాకముందే అభిమానులు ఈ పనులు చాలావరకు చేసిపెట్టారు. బీజీ ట్యూటూ అని ఒక మోడ్ (అభిమానులు ఆటకి చేసిపెట్టే మార్పు) ఉండేది, మొదటి ఆటని రెండో ఆట ఇంజిన్‌లో నడిపించేది. బాల్డర్స్ గేట్ ట్రిలజీ అని ఇంకోటి రెండు ఆటల్నీ ఒకటిగా కుట్టేసింది. వెడల్పు తెర మోడ్ వేరే. రీమాస్టర్‌లో మనం డబ్బిచ్చి కొంటున్న సౌకర్యాల్లో సగానికి మూలం ఎక్కడుందో మీరే ఆలోచించండి. సీడీలుండి, సీడీ డ్రైవ్ ఉండి, ఏ మోడ్ తర్వాత ఏది వేయాలో కాగితం మీద రాసుకుని ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకునే ఓపిక ఉంటే, అసలు ఆటే ఆడండి, పాత వీడియోలూ మీకు దక్కుతాయి. నేను ఒకప్పుడు అలాగే చేసేవాణ్ని. ఇప్పుడు ఆ ఆదివారం నా దగ్గర లేదు కాబట్టి కొనేశాను. ఇంకో మాట, కొన్ని ఆన్‌లైన్ స్టోర్లలో కొత్తది కొంటే పాతది కూడా కలిపి ఇస్తుంటారు, కొనేముందు ఆ పేజీ కిందదాకా చదవండి.

ప్రశ్న: ఫోన్‌లో ఆడొచ్చా?

జవాబు: ఉంది, నడుస్తుంది. ఐప్యాడ్‌కి 2012లో, ఆండ్రాయిడ్‌కి 2014లో వచ్చింది. ట్యాబ్లెట్ మీద బాగుంటుంది. ఫోన్ మీద అయితే గోబ్లిన్‌ని నొక్కబోతే నేలని నొక్కి, మీ మాంత్రికుడు నింపాదిగా శత్రువుల మధ్యకి నడుచుకుంటూ వెళ్తాడు. సెట్టింగ్స్‌లో ఆటో పాజ్ అన్నీ ఆన్ చేసుకుంటే కొంత నయం. ఒక్క చోటే కొనే వీలుంటే కంప్యూటర్‌కే కొనండి.

ప్రశ్న: బాల్డర్స్ గేట్ సంగతి సరే. ఈ మధ్య ప్రతి పాత ఆర్పీజీకీ రీమాస్టర్ అంటున్నారు. ఏది కొనాలో ఏది వదిలేయాలో ఎలా తెలుస్తుంది?

జవాబు: రీమాస్టర్ అనే మాటకి ఒక కొలతంటూ లేదు, అదే చిక్కు. డయాబ్లో 2 చూడండి. 2000లో వచ్చిన ఆట, 2021లో రీసరెక్టెడ్ అని తెచ్చారు. లోపల పాత ఆటే, పైన మొత్తం కొత్త బొమ్మలు. కీబోర్డ్ మీద జీ నొక్కితే అక్కడికక్కడ పాత రూపంలోకి మారిపోతుంది, మళ్లీ నొక్కితే కొత్తది. అలా ఎదురెదురుగా పెట్టి చూపించే ధైర్యం నాకు భలే నచ్చింది. ఆబ్లివియన్ 2006 నాటిది, 2025 ఏప్రిల్‌లో వచ్చిన రీమాస్టర్‌లో బొమ్మల పని అన్‌రియల్ ఇంజిన్ 5 చూసుకుంటుంది, వెనకాల బుర్ర పాత ఆటదే. పరిగెత్తడం, లెవెల్ పెరిగే పద్ధతి లాంటివి మార్చారు. అందం వచ్చింది, దానితోపాటు 100 జీబీకి పైన డిస్క్ స్థలం, కనీసం 16 జీబీ ర్యామ్ కావాలన్న షరతూ వచ్చింది. పాత లాప్‌టాప్ ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు, పాత ఆబ్లివియన్ ఇప్పటికీ శుభ్రంగా నడుస్తుంది. బాల్డర్స్ గేట్ ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ ఏ పాత లాప్‌టాప్‌లో అయినా నడుస్తుంది, అందులో అందం పెరగలేదు కాబట్టి.

కొనేముందు ట్రైలర్ చూడకండి. ఎవరైనా మాట్లాడకుండా మొదటి గంట ఆడిన వీడియో ఉంటుంది, అది చూడండి. సామాన్ల సంచి తెరిచినప్పుడు మీకు విసుగొస్తే ఆ ఆట మీకు పడదు. ఈ ఆటల్లో సంచి దగ్గరే గంటలు గడుస్తాయి.

ప్రశ్న: బీమ్‌డాగే మళ్లీ తెచ్చిన ప్లేన్‌స్కేప్ టార్మెంట్ కొందామనుకుంటున్నాను. నా ఇంగ్లీష్ అంతంత మాత్రం. ఇబ్బందా?

జవాబు: ఇబ్బందే. 1999 నాటి ఆ ఆటలో 8 లక్షల పదాల దాకా ఉంటాయంటారు, కొట్లాట తక్కువ, చదువు ఎక్కువ. పైగా సిగిల్ నగరంలో జనం వాడే యాస ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్లకే మొదట్లో మింగుడుపడదు. కథ మాత్రం నేను ఆడిన ఆటలన్నిట్లో మొదటి వరసలో ఉంటుంది, చచ్చినా చావని మనిషి శవాగారంలో బల్ల మీద లేచి తనెవరో వెతుక్కోవడం. ముందు బాల్డర్స్ గేట్ ఆడండి, అక్కడి మాటలు తేలిక. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదవడం అలవాటయ్యాక దీనికి రండి. 2017లో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌లో అక్షరాల సైజు పెంచుకోవచ్చు, చదివే ఆటకి అదే పెద్ద రీమాస్టర్.

ప్రశ్న: పాత్రని తయారుచేసే దగ్గర పాచికలు మళ్లీ మళ్లీ వేయొచ్చని తెలిసింది. నిన్న రాత్రి రెండు గంటలు వేస్తూ కూర్చున్నాను. బలం, చురుకు లాంటి గుణాల అంకెలు మొత్తం 91 వచ్చాయి. ఆపేయనా, ఇంకా వేయనా?

జవాబు: 91 వచ్చాక కూడా అడుగుతున్నారా! స్టోర్ (అంకెల్ని దాచే బటన్) నొక్కండి, ముందు అది నొక్కండి. చెయ్యి జారి మళ్లీ రోల్ మీద పడితే ఆ అంకె ఇక కనపడదు, నాకు ఒకసారి 93 అలాగే పోయింది, ఆ రాత్రి ఆట మొదలుపెట్టనే లేదు. తర్వాత ఆ అంకెల్ని అటూ ఇటూ సర్దుకోండి, డెక్స్టెరిటీ (చురుకు) 18 చేస్తే ఏసీ నాలుగు తగ్గుతుంది, యోధుడైతే కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) కూడా 18 ఉంచండి, మిగిలింది మీ ఇష్టం. పేరు పెట్టి, గొరియన్ దగ్గరికి వెళ్లండి, పాపం ఆయన రాత్రినుంచీ ఎదురుచూస్తున్నాడు.